తడి ఎక్కే ఇసుక, తడిని ఆపే కంకర

నేల మీద నీళ్లు పోస్తే కిందికి ఇంకుతాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అవి ఎప్పుడు ఇంకవో, ఎప్పుడు తిరగబడి పైకి ఎక్కుతాయో చెప్పినందుకు నాకు ముప్పై ఏళ్లకు పైగా జీతం ఇచ్చారు. సూరత్‌లో ఒక ప్రైవేటు మట్టి పరీక్షల ల్యాబులో సహాయకురాలిగా చేరి, ఇంజనీరుగా రిటైరయ్యాను. మధ్యలో ఏ ఏడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు వాటితో పనిలేదు. నేను చేసిన తప్పులతో మాత్రం పని ఉంటుంది. వాటిలో రెండింటి సంగతి చెబుతాను.

మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లో పవర్‌లూమ్ నడిపేవాడు. మగ్గాల చప్పుడులోనే చదువుకుని నేను సివిల్ డిప్లొమా చేశాను. ఇంట్లో తెలంగాణ మాట, బజారులో హిందీ, ల్యాబులో గుజరాతీ. ఈ మూడూ రావడం నాకు డిప్లొమా కంటే ఎక్కువ అక్కరకొచ్చింది. ఎందుకంటే మట్టి గురించి నిజం చెప్పేది ఎక్కువగా తవ్వేవాళ్లూ, ఆ నేల మీద బతికేవాళ్లూ. వాళ్ల మాట అర్థం కాకపోతే యంత్రం ఇచ్చే అంకె ఒక్కటే మిగులుతుంది.

దేశాయ్ సాహెబ్ ప్రశ్న

మా ల్యాబు యజమాని దేశాయ్ సాహెబ్. సన్నగా, కాస్త వంగి నడిచేవారు. ఏ సైటు నుంచి మట్టి వచ్చినా ముందు చిటికెడు తీసి నోట్లో వేసుకునేవారు. పళ్ల కింద కరకరమంటే ఒండ్రు, వెన్నలా జారితే బంకమట్టి. ఆ తరువాత ఉమ్మేసి, నోరు కడుక్కుని, టీ తాగేవారు. నాకు మొదట అసహ్యం వేసింది. రెండేళ్లు తిరిగేసరికి నేనూ అదే చేస్తున్నాను.

చేరిన కొత్తలో ఒకరోజు ఆయన నన్ను అడిగారు: "శోభాబెన్, నీళ్లు దేనిలోంచి తొందరగా పోతాయి? ఇసుకలోంచా, నల్లమట్టిలోంచా?"

"ఇసుకలోంచి సార్."

"నీళ్లతో నిండి ఉంటే సరే. సగం ఎండి ఉంటే?"

నేను మళ్లీ "ఇసుకే" అన్నాను. ఆయన ఒక గాజు పెట్టె తెప్పించారు. అడుగున ముతక ఇసుక, దాని మీద మెత్తటి ఒండ్రుమట్టి పోయించారు. రెండూ పొడిగానే ఉన్నాయి. లోటాతో మెల్లగా నీళ్లు పోయమన్నారు. తడి గీత ఒండ్రులోంచి దిగుతూ వచ్చి, సరిగ్గా ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయింది. కింద అంత ఖాళీగా, అంత వదులుగా ఇసుక ఉంది. అయినా నీళ్లు అందులోకి వెళ్లలేదు. పైన ఉన్న ఒండ్రు ఇక పట్టలేనంతగా తడిసిన తరువాతే మొదటి బొట్టు ఇసుకలోకి జారింది.

ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తాను. రేణువుల మధ్య సందులుంటాయి. ముతక ఇసుకలో పెద్దవి, మెత్తటి మట్టిలో సన్నవి. అంతా నీళ్లతో నిండినప్పుడు పెద్ద సందులే రహదారులు. కానీ మనం ఇల్లు కట్టే నేల, పంట వేసే నేల చాలాకాలం నిండి ఉండదు. సగం నీరు, సగం గాలి. గాలి జొరబడగానే ముందు ఖాళీ అయ్యేవి పెద్ద సందులే. దాంతో ముతక ఇసుకలో నీటికి దారి తెగిపోతుంది. సన్న సందులు నీటిని వదలవు. ఒకదాని నుంచి ఒకటి పీల్చుకుంటాయి, కిందికైనా, పక్కకైనా, పైకైనా. ఎంత సన్న సందైతే అంత బలంగా పీలుస్తుంది.

"దాహంతో ఉన్నవాడు తన గ్లాసు పక్కవాడికి ఇస్తాడా? కడుపు నిండాకే ఇస్తాడు. మెత్తటి మట్టీ అంతే," అన్నారు.

నేను నోట్‌బుక్కులో బొమ్మ గీసి కింద గీత కొట్టుకున్నాను. నాకు వచ్చేసిందనుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు నేనే ఆ ప్రయోగం చేసి చూపించేదాన్ని కూడా.

ఒక మాట తక్కువైన రిపోర్టు

సూరత్ పక్కన కడోదరాలో నర్సయ్య, రాజవ్వ అనే దంపతులకు పన్నెండు మగ్గాల షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లు పరాయి షెడ్లలో పనిచేసి సొంతంగా పెట్టుకున్నది. షెడ్డు పక్కనే ఖాడీ, అంటే ఊరి మురికినీళ్లూ వాననీళ్లూ మోసుకుపోయే వాగు. కింద నల్లరేగడి. వానాకాలం రాగానే ఫర్షు, అంటే షెడ్డు నేల, చెమర్చేది. మగ్గాల కాళ్లు తుప్పు పట్టేవి. అడుగు వరసలో పెట్టిన నూలు పెట్టెలు మెత్తబడేవి. రాజవ్వ కింద కూర్చునే బాబిన్లు చుడుతుంది. ఆమె పాదాలు నాలుగు నెలలూ నాని, తెల్లగా మడతలు పడి ఉండేవి. అంతకుముందు ఎవరో ప్లాస్టిక్ షీటు పరిచి పైన గచ్చు చేశారు. మగ్గాల బోల్టులు దిగిన ప్రతిచోటా షీటు చిరిగి, అక్కడి నుంచే తడి ఎగబాకింది.

మా నాన్న పేరు తెలిసినవాళ్లు. "మనోళ్ల బిడ్డ మట్టి ల్యాబుల ఉన్నది" అని నన్ను పిలిచారు. వెళ్లి చూశాను. నమూనా తీశాను. రిపోర్టులో ఇలా రాశాను: 'ఒక అడుగు లోతు నల్లమట్టి తీసివేసి, శుభ్రమైన ఇసుకతో నింపి, దిమ్మిస కొట్టి, పైన కాంక్రీటు వేయాలి.'

వేసవిలో పని మొదలుపెట్టారు. పన్నెండు మగ్గాలూ విప్పి బయట టార్పాలిన్ల కింద పెట్టారు. నెలకు పైగా షెడ్డు మూసే ఉంది. పనిచేసేవాళ్లలో ఇద్దరు అమ్రోలిలో వేరే షెడ్డుకు వెళ్లిపోయి తిరిగి రాలేదు. నేను ఒకసారి వెళ్లాను. పోసిన ఇసుక పిండిలా తెల్లగా, చక్కగా ఉంది. చెత్త లేదు, మట్టిగడ్డ లేదు. "బాగుంది" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

వానలు మొదలైన రెండో వారం నర్సయ్య ఫోన్ చేశాడు.

"శోభక్కా, ఫర్షు మల్ల చెమట వడ్తున్నది."

"ఎక్కడన్న ఒక్కతాన్నా?"

"ఒక్కతానేంది అక్కా, షెడ్డంతా. పోయినేటి కంటె జర ఎక్కువనే ఉన్నది."

వెళ్లి ఒక మూల గచ్చుకు రంధ్రం చేయించి కింది ఇసుక తీసుకొచ్చాను. ల్యాబులో ఆరబెట్టి జల్లెళ్ల మీద పోశాను. పై జల్లెళ్లలో ఏమీ నిలవలేదు. దాదాపు అంతా జారి అడుగున ఉన్న సన్న జల్లెడ మీద కుప్పపడింది. అది చూడగానే ఎక్కడ తప్పానో తెలిసింది. నల్లమట్టి కింద తడిగా ఉంది. దానికి ఆనుకుని ఉన్న సన్న ఇసుక ఆ తడిని అడుగుకు మించి పైకి లాగగలదు. నేను వేయించిన మందం సరిగ్గా అడుగు. పైగా నల్లమట్టి నీటిని పైకి పంపడానికి చాలాకాలం తీసుకుంటుంది. ఈ ఇసుక ఆ తడికి చక్కటి నిచ్చెన అయింది.

మేస్త్రీ తప్పు ఏమీ లేదు. శుభ్రమైన ఇసుక అని రాశాను, శుభ్రమైన ఇసుకే తెచ్చాడు. ముతకది అని నేను రాయలేదు.

జల్లెళ్లు అలాగే తీసుకెళ్లి దేశాయ్ సాహెబ్ బల్ల మీద పెట్టాను. ఆయన వేలితో ఇసుక కదిపి చూశారు.

"రిపోర్టులో ఎన్ని మాటలు తక్కువయ్యాయి?"

"ఒక్కటి సార్."

"ఎన్ని మగ్గాలు ఆగాయి?"

"పన్నెండు."

"అయితే వెళ్లి చెప్పు. ఫోన్లో చెప్పకు."

అంతే. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

లుంగీ, దోమతెర

మర్నాడు పొద్దున కడోదరా వెళ్లాను. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు సర్దుకున్నాను. షెడ్డులో మగ్గాలు నడుస్తున్నాయి. రాజవ్వ గోనెసంచి మడిచి వేసుకుని దాని మీద కూర్చుని బాబిన్లు చుడుతోంది. నర్సయ్య నన్ను చూసి మగ్గం ఆపాడు.

"తప్పు నాదే నర్సయ్యా," అన్నాను. "ఇసుక ముతకది ఉండాలె. నేను రాయలే. మేస్త్రీని ఏమనకు."

రాజవ్వ చేతిలో పని ఆపకుండానే అంది: "పెద్ద పెద్ద సార్లు జెప్తె వినకపోయినం. మనోళ్ల బిడ్డవని నమ్మినం. నెల దినాలు మగ్గాలు పండవెడ్తిమి. ఇగ నువ్వచ్చి తప్పైందంటె అయిపోయెనా?"

"అయిపోలే రాజవ్వా."

"మల్ల తవ్వాల్నా?"

"తవ్వాలె."

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. నర్సయ్య వంగి ఫర్షు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తరువాత, "అక్కా, నాకొక్కటి సమజ్ కాలే. ఇసుకలకెల్లి నీళ్లు కిందికి పోతయి గద, మీదికెట్లొస్తయి?" అన్నాడు.

నేను రేణువులు, సందులు, పీల్చే బలం అని మొదలుపెట్టాను. అతను ఓపికగా విన్నాడు. నాకే తెలుస్తోంది, ఒక్క ముక్క కూడా అతనికి అందడం లేదని. ఉన్నట్టుండి అతను చెయ్యెత్తి నన్ను ఆపి, దండెం మీది పాత నూలు లుంగీ తీసి ఒక పేలిక చింపాడు. మూలన పడున్న దోమతెరలోంచి ఇంకో పేలిక చింపాడు. రెండింటినీ పక్కపక్కన కట్టి, కొనలు బకెట్ నీళ్లలో ముంచాడు.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. లుంగీ గుడ్డలో తడి చూస్తుండగానే జానెడు ఎక్కింది. దోమతెర నీళ్ల పైన వేలెడు మేర తడిసి, అక్కడే ఆగిపోయింది.

"నేత దగ్గర దగ్గర ఉంటె గుంజుకుంటది. జాళీ ఉంటె గుంజదు," అన్నాడు నర్సయ్య. "నువ్వేపిచ్చిన ఇసుక గీ లుంగీ లెక్క. మనకు గీ దోమతెర లెక్కది గావాలె. గంతేనా?"

"గంతే," అన్నాను.

నేను కొత్తవాళ్లకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠాన్ని, మగ్గం మీద బతికినవాడు రెండు పేలికలతో చెప్పేశాడు. ఆ క్షణంలో సిగ్గు కంటే ఊరటే ఎక్కువ కలిగింది. ఇక మేమిద్దరం ఒకే సంగతి మాట్లాడుకోగలం.

అతను అక్కడితో ఆగలేదు. "మరి కంకర వోస్తె, కింద నల్లమట్టి మెత్తగై కంకర సందులల్లకు రాదా? మీదికెల్లి సిమెంటు పాలు దిగవా? అప్పుడు జాళీ గూడ లుంగీ అయితది గద," అన్నాడు. నాకూ తెలిసిన సంగతే కానీ అంత తొందరగా తట్టలేదు. కంకరకు కిందా పైనా గుడ్డ వేయాలని చెప్పాను. "గుడ్డకేం తక్కువ మనకు!" అన్నాడు. మరకలు పడి పక్కన పెట్టిన పాలిస్టర్ తానులు షెడ్డులోనే ఉన్నాయి. పాలిస్టర్ భూమిలో కుళ్లదు.

ఈసారి ప్రతి మాటా కొలిచి రాశాను. శెనగగింజ కంటే చిన్న రాయి ఉండకూడదు. కడగాలి. దుమ్ము ఉండకూడదు. మందం ఎంత, గుడ్డ ఎక్కడ, గోడ దగ్గర ఎంత మడత. వానలు తగ్గాక పని మొదలైంది. ఈసారి మగ్గాలన్నీ ఒకేసారి ఆపలేదు. నాలుగు నాలుగు చొప్పున జరిపారు. కంకర లారీ వచ్చిన ప్రతిసారీ నేను అక్కడ ఉన్నాను. ఒక లారీ వెనక్కి పంపాను, కంకరలో క్రషరు పొడి ఉందని. లారీవాడు నన్ను గుజరాతీలో చాలా అన్నాడు. రాజవ్వ బయటికి వచ్చి అంతకు రెట్టింపు హిందీలో అనేసరికి వెళ్లిపోయాడు. నాతో ఆమె మాట్లాడింది ఆ తరువాతే.

మరుసటి వానాకాలం మధ్యలో వెళ్లాను. ఖాడీ నిండుగా పారుతోంది. షెడ్డు బయట చీలమండ లోతు నీళ్లు. లోపల రాజవ్వ గోనెసంచి లేకుండా నేల మీద కూర్చుని ఉంది. "అన్నం దింటవా?" అని అడిగింది. పక్కనే నేల మీద కూర్చుని తిన్నాను.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక మాట. మీ రిపోర్టులో 'మంచి', 'శుభ్రమైన', 'తగినంత' అనే మాటలు కనిపిస్తే కొట్టేయండి. రేణువు సైజు రాయండి. దాన్ని చదివేవాడు మేస్త్రీ అయితే శెనగగింజంత అనో, ఆవగింజంత అనో రాయండి. అలా రాస్తే చిన్నతనమని నవ్వే ఇంజనీర్లను చూశాను. వాళ్లలో చాలామంది వానాకాలంలో తమ సైటుకు వెళ్లరు.

నాలుగు వేళ్ల నీళ్లు

రెండో తప్పు రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు చేశాను. అనుభవం పెరిగితే తప్పులు తగ్గుతాయంటారు. నా విషయంలో చిన్నవి తగ్గాయి.

హజీరా వైపు ఒక ఫ్యాక్టరీ తన స్థలంలో ఏళ్లుగా బురద వ్యర్థాన్ని కుప్పపోసింది. కట్ట అవతల చిన్న ఊరు, ఆ ఊళ్లో చేతిపంపులు ఉన్నాయి. వాననీరు కుప్పలోకి దిగి, దాని విషాన్ని కడిగి భూమిలోకి మోయకుండా పైన మట్టి కప్పాలి. ఆ పని చూసే మేనేజరు రావు గారు, గోదావరి జిల్లా మనిషి. నెమ్మదస్తుడు. మా ల్యాబును సలహా అడిగారు. దేశాయ్ సాహెబ్ అప్పటికి లేరు. నిర్ణయం నాదే.

ఒట్టి బంకమట్టి వేద్దామని కొందరన్నారు. వేసవిలో నల్లమట్టి బీటలు వారితే ఆ బీటల్లోంచి తొలి వాన నేరుగా దిగిపోతుందని నేను ఒప్పుకోలేదు. అడుగున కంకర, పైన మందంగా ఒండ్రుమట్టి వేయమన్నాను. ఒండ్రు వానను పట్టి ఉంచుతుంది. కంకరకు పీల్చే బలం లేదు కాబట్టి తీసుకోదు. ఎండ కాసినప్పుడు గడ్డి వేళ్లు ఆ నీటిని తోడేస్తాయి. ముందు చిన్న ముక్క నేల మీద వేసి చూద్దామని, దాని కింద తొట్టి పెట్టి, తొట్టి నుంచి గొట్టం పక్క గుంటలోని డబ్బాలోకి పెట్టించాను. ఆ మట్టి కప్పులోంచి కారేది ఏదైనా ఆ డబ్బాలో పడుతుంది.

మీటింగులో ఎవరో అడిగారు, ఎంత కారుతుంది అని. "ఒక్క బొట్టు కూడా రాదు," అన్నాను. అంతమంది ముందు, అంత ధీమాగా.

జూన్ గడిచింది. డబ్బా పొడిగా ఉంది. జూలైలో విడివిడిగా వానలు పడ్డాయి. డబ్బా పొడిగానే ఉంది. రావు గారు సంతోషపడి, ఒక్క బొట్టు కూడా కారడం లేదని పైఅధికారులకు రాసేశారు. ఆ తరువాత నాలుగు రోజులు తెరిపి లేని వాన. అయిదో రోజు మధ్యాహ్నం వెలిసింది. నేను ఒక్కదాన్నే వెళ్లాను. సైటులో ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే, నా వయసువాడు. అతనే గుంట మూత తీశాడు.

డబ్బాలో నీళ్లున్నాయి. వేళ్లు ఆనించి కొలిచాను. నాలుగు వేళ్లు.

వాచ్‌మన్ తొంగిచూసి, గుంటలోకి వాన కొట్టి ఉంటుందనుకున్నాడు పాపం. "బెన్, ఢోళీ నాఖూఁ?" అన్నాడు. పారబోసేయనా అని.

నేను వెంటనే వద్దనలేదు. ఆ సంగతి దాచను. మూడు నెలల్లో రిటైరవుతున్నాను. మూత గట్టిగానే ఉంది, వాన గుంటలోకి కొట్టలేదని నాకు తెలుసు. అతనికి తెలియదు. అతని చెయ్యి డబ్బా అంచు మీద ఉంది. ఎండ చుర్రుమంటోంది. కట్ట అవతల ఎవరో చేతిపంపు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"వద్దు భాయ్, ముట్టుకోకు," అన్నాను హిందీలో. ఫోటో తీసి, రావు గారికి ఫోన్ చేశాను.

ఆయన అరగంటలో వచ్చారు. గుంటలోకి వంగి చాలాసేపు చూశారు.

"శోభ గారూ, ఒక్క బొట్టు కూడా రాదన్నారు కదండీ."

"అన్నానండి. తప్పు అన్నాను. ఒండ్రు పూర్తిగా నిండే దాకానే ఆపుతుంది. నిండాక వదిలేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఇంత వాన వరసగా పడితే ఏమవుతుందో లెక్క వేయకుండా మాట ఇచ్చాను."

"నేను పైకి రాసేశానండీ."

"మళ్లీ రాయాలి. నా పొరపాటని నేను రాసిస్తాను."

"మీ చివరి రిపోర్టు ఇదే అవుతుందేమో."

"అవుతుంది," అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. చూపించలేదు కానీ, రెండు వారాలు నా ఫోన్ ఎత్తలేదు. ఆ రెండు వారాలు నాకు బాగా బరువుగా గడిచాయి. నేను మాత్రం కూర్చుని లెక్కలు మళ్లీ కట్టాను. ఒండ్రు మందం పెంచాలి. కప్పును చదునుగా కాకుండా ఏటవాలుగా వేయాలి. అప్పుడు ఒండ్రు, కంకర కలిసే చోట పట్టుబడ్డ నీరు కిందికి దిగే లోపే వాలు వెంట పక్కకు జారి, చివర కాలువలో పడుతుంది. ఇంతా చేసినా అతిపెద్ద వానకు కొంత కారవచ్చు. అందుకని కప్పు మొత్తం వేశాక కూడా తొట్టి, గొట్టం, డబ్బా తీసేయకూడదని రాశాను. 'వరసగా నాలుగు రోజుల భారీ వానకు మొదటి నమూనా నీటిని వదిలింది. రాదని నేను చెప్పింది తప్పు' అన్న వాక్యాన్ని మొదటి పేజీలోనే పెట్టాను. మా ల్యాబులో కొందరు దాన్ని చివరి పేజీకి జరపమన్నారు. జరపలేదు.

రావు గారు ఆ రిపోర్టును అలాగే పైకి పంపారని తరువాత తెలిసింది. మరుసటి వేసవిలో కప్పు ఏటవాలుగా పడింది. నేను అప్పటికి ఇంట్లో ఉన్నాను.

ఆ వానాకాలంలో, మూడు రోజుల ముసురు పట్టి వదిలిన సాయంత్రం, నా ఫోనుకు ఆ డబ్బా ఫోటో ఒకటి వచ్చింది. అడగకుండానే పంపారు. వెనకే రావు గారి ఫోన్.

"అడుగున కొంచెం ఉందండీ. వేలు ముంచితే గోరు మునగలేదు."

"కాలువ పారుతోందా?"

"బాగా పారుతోందండీ. పైవాళ్లు పూర్తిగా పొడిగా ఉందని రాయమన్నారు. గోరు మునగనంత ఉందని రాశాను. ఫోటో కూడా జతచేశానండీ."